గాజు చెయ్యి

మొన్న సాయంత్రం వాన వెలిశాక పాల ప్యాకెట్లు తెచ్చుకుందామని బయల్దేరాను. మా వీధి చివర మలుపులో ఒక పాత ఇల్లుంది. గేటుకి ఎప్పుడూ తాళమే. దాని ప్రహరీ మీంచి రాధామనోహరం తీగ రోడ్డు మీదికి వంగి గుత్తులు గుత్తులుగా పూసింది. అప్పుడే విచ్చుకున్నవి తెల్లగా, నిన్నటివి గులాబీ రంగులో, మొన్నటివి ఎర్రగా, అన్నీ ఒకే గుత్తిలో. ఆ వాసన ముక్కుకి తగలగానే కాళ్ళు ముందుకి పడలేదు. నా లెక్కలో ఆ వాసన వెనకాలే ఇంకో వాసన రావాలి. వెన్న, వెనీలా, కాలుతున్న పంచదార. అది రాదని తెలుసు. అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.

మేం పెరిగింది సికింద్రాబాద్‌లో, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో. నిజాం కాలంలో, 1893లో పెట్టిన వర్క్‌షాపు మాకు దగ్గరే. దాని సైరన్ ప్రకారమే కాలనీ నడిచేది. పొద్దున సైరన్‌కి మగవాళ్ళ సైకిళ్ళు బయటికొచ్చేవి. మధ్యాహ్నం సైరన్‌కి క్యారేజీలు విప్పేవారు. సాయంత్రం సైరన్ మోగితే ఆడవాళ్ళు పెరట్లోకి వచ్చేవారు. అప్పటికింకా ఆవిరి ఇంజన్లు తిరుగుతున్నాయి. ఆరేసిన బట్టల మీద, తులసికోట మీద, చివరికి చిక్కుడు ఆకుల మీద కూడా సన్నటి మసి పడేది. అమ్మ వారానికోసారి బకెట్టు నీళ్ళు పట్టుకుని ఒక్కో ఆకూ కడిగేది.

1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఆ కాలనీలో చేరారు. మాది తెనాలి వైపు. కుడి పక్క క్వార్టర్‌లో స్టోర్స్‌లో పనిచేసే మావయ్యగారు, వాళ్ళది విజయనగరం. ఎడమ పక్క మెయిల్ డ్రైవర్ గారి కుటుంబం, ఆంగ్లో ఇండియన్లు, మూడు తరాలుగా రైల్వేలోనే ఉన్నవాళ్ళు. మూడు పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడలే. ఆ గోడల మీద చేతులానించి ముగ్గురు ఆడవాళ్ళు మాట్లాడుకున్న మాటలే నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఒకరికి తీగలు, ఒకరికి కేకులు, ఒకరికి గాజు సామాను.

* * *

అమ్మది తీగల లోకం. పందిరి గుంజలకి నాన్న స్క్రాపులో కొన్న రైలు పట్టాల ముక్కలు, పైన అల్లడానికి పాత సిగ్నల్ తీగ. గాలివానలకి వీధిలో చెట్లు పడ్డాయి గానీ ఆ పందిరి అంగుళం కూడా కదల్లేదు. దాని మీదికి ఒక వైపు నుంచి దొండ, ఒక వైపు నుంచి చిక్కుడు. గుమ్మం మీదికి సన్నజాజి. వెనక గోడంతా రాధామనోహరం.

అత్తయ్యగారి పెరట్లో కూడా ఒక దొండపాదు ఉండేది. రెండేళ్ళు ఏపుగా పెరిగింది, తెల్లగా పూసింది, ఒక్క కాయ కాయలేదు. విసుగొచ్చి ఆవిడ పీకేయబోతుంటే అమ్మ గోడ మీంచి ఆపింది.

"వదినగారూ, ఇది గింజ వేశారా, కొమ్మ నాటారా?"

గింజే వేశారట. దొండలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. గింజ వేస్తే ఏదొస్తుందో పూసేదాకా తెలియదు. పువ్వు వెనకాల చిన్న పిందె ఉందేమో చూడమంది అమ్మ. ఏ పువ్వుకీ లేదు. మర్నాడు మా పాదు నుంచి ముదురు కొమ్మ మూరెడు కోసి, తడిగుడ్డలో చుట్టి గోడ మీద పెట్టింది. ఆ తరవాత అత్తయ్యగారింట్లో దొండకాయలు తిని తిని పిల్లలు మొత్తుకున్నారు.

అమ్మ ఎవరికీ ఉత్త మాట చెప్పి పంపేది కాదు. చిక్కుడికి పేనుబంక పట్టిందని ఎవరైనా అంటే, ఏం చెయ్యాలో చెబుతూనే జల్లించిన కట్టెల బూడిద పొట్లం కట్టి ఇచ్చేది. పొద్దున్నే మంచు తడి ఆరకముందే చల్లాలి, తడి లేకపోతే బూడిద ఆకుని పట్టుకోదు. మొదటి ఏడు చిక్కుడు ఇంకా పూయలేదేమని ఎడమ పక్క డ్రైవర్ గారింటి ఆంటీ కంగారుపడితే, "పొద్దు కురచవ్వాలి మేడమ్, చలి రానివ్వండి" అంది. ఆ కార్తీకంలో నిజంగానే ఊదా పూలు వచ్చాయి. రథసప్తమికి మా అమ్మ పాయసం పెట్టిన చిక్కుడాకులు ఆంటీ పెరటివే.

అన్నిటికంటే నాకు భయం వేసింది మల్లె విషయంలో. సంక్రాంతికి ముందు అమ్మ మల్లెపొదకి నీళ్ళు మానేసింది. ఆకులు వాడాయి. కొమ్మలు మోకాలెత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకంతా దూసేసింది. ఉత్త పుల్లలు మిగిలాయి. మొక్క చచ్చిపోయిందని నేను రోజూ వెళ్ళి చూసేదాన్ని. మాఘంలో పశువుల ఎరువు వేసి నీళ్ళు పెట్టింది. ఉగాదికి పొదనిండా మొగ్గలే. ఆకు కనబడలేదంటే నమ్మండి.

* * *

ఆంటీ వంటింట్లో కేకులకి తూకం రాళ్ళు లేవు. గుడ్లే తూకం రాళ్ళు. త్రాసు ఒక తట్టలో నాలుగు గుడ్లు పెట్టేది. రెండో తట్టలో సరితూగేదాకా వెన్న. ఆ వెన్న తీసి అంతే తూకం పంచదార, తరవాత అంతే మైదా. గుడ్లు చిన్నవైతే కేకు చిన్నది, పెద్దవైతే పెద్దది. రుచి మాత్రం ఎప్పుడూ ఒకటే.

వెన్న, పంచదార గిలకొట్టే పని నాకిచ్చేది. పెద్ద పింగాణీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని చెక్క గరిటెతో ఒకే వైపుకి తిప్పాలి. ఎంతసేపు అని అడిగితే గడియారం చూపించేది కాదు, చెవి పెట్టి వినమనేది. మొదట పంచదార గరగరలాడుతుంది. కాసేపటికి ఆ చప్పుడు సన్నబడుతుంది. తరవాత ఇంక ఏ చప్పుడూ ఉండదు, వెన్న తెల్లగా మీగడలా అవుతుంది. అప్పుడు ఆపాలి. ఇవాళ నా దగ్గర కరెంటు బీటర్ ఉంది. దాని రొదలో ఆ చప్పుడు ఎప్పుడు ఆగిందో వినపడదు. అందుకే ఇప్పటికీ మధ్యలో దాన్ని ఆపేసి, రెండు నిమిషాలు చెక్క గరిటెతో తిప్పి విని చూసుకుంటాను.

ఆవిడకి మూతలో చిన్న గాజు కిటికీ ఉన్న గుండ్రటి అల్యూమినియం కరెంటు ఓవెన్ ఉండేది. సాయంత్రం పూట దాంతో లాభం లేదు. అన్ని ఇళ్ళలో లైట్లు వెలిగేసరికి వోల్టేజి పడిపోయి కేకు మధ్యలో కుంగేది. కాబట్టి ఆవిడ కేకులన్నీ పగటి పూటే.

అమ్మ గుడ్డు ముట్టుకోదు. కానీ మా కోసం కేకు తన చేత్తో, తన పొయ్యి మీద చెయ్యాలని ఉండేది. ఆ సంగతి గోడ దగ్గర చెబితే ఆంటీ రెండు రోజులు ఆలోచించి మా వంటింటికి వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని చెప్పింది. గుడ్డు బదులు పెరుగు. పెరుగులో వంటసోడా వేస్తే పొంగుతుంది, ఆ పొంగు తగ్గేలోపే మైదా కలిపి పొయ్యి మీద పెట్టెయ్యాలి. మైదా ముందుగానే మూడుసార్లు జల్లించి ఉంచుకోవాలి. పాత అల్యూమినియం గిన్నెలో రెండు అంగుళాల ఇసుక పోసి బాగా కాగనిచ్చి, దాని మధ్య కేకు గిన్నె. మూత పెట్టి, మూత మీద నాలుగు నిప్పులు. ఆ నిప్పులు లేకపోతే పైభాగం రంగు తిరగదు.

మొదటి కేకు పళ్ళెంలా అణిగిపోయింది. అమ్మ ఆత్రం కొద్దీ మూడుసార్లు మూత తీసి చూసింది. ఆంటీ ముక్క తుంచుకుని తిని, రుచి బాగుందని చెప్పి, వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అంది.

"వాసన గుమ్మం దాటేదాకా మూత ముట్టుకోకమ్మా."

అప్పటి నుంచి నా పని అదే. అమ్మ సాయంత్రాలు పొయ్యి మీద కేకు పెట్టగానే నేను పెరటి గుమ్మం అవతల మెట్టు మీద కూర్చునేదాన్ని. చీకటి పడుతుంటే వెనక గోడ మీద రాధామనోహరాలు విచ్చుకునేవి. ముందు వాటి వాసన. కాసేపటికి దాంట్లోంచి వెన్న వాసన. అప్పుడు "అమ్మా, వచ్చింది!" అని కేకేసేదాన్ని.

ఉడికిందో లేదో చూడ్డానికి ఆంటీ అల్లిక సూది గుచ్చేది. అమ్మ దగ్గర అల్లిక సూది లేదు. కొత్త కొబ్బరి ఈనెల చీపురు విప్పి, పుల్లలు కడిగి ఎండబెట్టి ఉంచుకుంది. ఒకసారి ఇద్దరూ పక్కపక్కన గుచ్చి చూశారు. సూది నున్నగా ఉంటుంది కాబట్టి పచ్చిపిండి కూడా జారిపోయి శుభ్రంగా వచ్చింది. పుల్లకి మాత్రం తడి అంటుకుంది. ఆంటీ ఆ పుల్లని వెలుగులో తిప్పి తిప్పి చూసి, వెళ్ళేటప్పుడు గుప్పెడు పుల్లలు పట్టుకెళ్ళింది.

* * *

డిసెంబరు వస్తే మూడు ఇళ్ళలోనూ పని ఉండేది. ఆంటీ నెల ముందే కిస్‌మిస్‌లు, నారింజ తొక్కలు రమ్ములో నానేసేది. మాకు చేసే కేకులో అవి ఉండవు. వాటి బదులు టూటీఫ్రూటీ, అదీ మైదాలో దొర్లించి వేసేది, లేకపోతే అడుక్కి దిగిపోతాయి. నల్లటి రంగు కోసం పంచదార మాడ్చే రోజు పిల్లలెవరినీ పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. కరిగి, ఎర్రబడి, నల్లబడి పొగ లేచాక మరిగే నీళ్ళు పోస్తే అది ఒక్కసారి సుయ్‌మని మీదికి ఎగురుతుంది.

అన్ని కేకులు ఇంటి ఓవెన్‌లో అయ్యే పని కాదు. పిండి కలిపి, టిన్నుల్లో పోసి, రాత్రి పూట రిక్షాలో బేకరీకి తీసుకెళ్ళేవాళ్ళం. కట్టెల భట్టీ ముందు వరసగా ఎవరెవరివో టిన్నులు, ఒక్కోదాని మీద పేరు రాసిన చీటీ. అమ్మ కూడా మైదా, పంచదార, డాల్డా తూకం వేసి పంపేది, మాకు బిస్కెట్లు చేయించడానికి. బేకరీ అతను పొడుగాటి చెక్క తెడ్డుతో ట్రేలు లోపలికి తోసేవాడు. ఆ ఎర్రటి వెలుగులో అతని మొహం ఇప్పటికీ గుర్తుంది. వేడి బిస్కెట్లు డాల్డా డబ్బాలో వేసుకుని, ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని చలిలో ఇంటికొస్తుంటే పొట్టకి వెచ్చగా ఉండేది.

ఒక ఏడు ఆంటీ కుల్‌కుల్స్ చేస్తుంటే అమ్మ చూసింది. ఫోర్కు వెనక్కి చిన్న పిండి ఉండ నొక్కి చుట్టడం. "ఇవి మా గవ్వలే కదా!" అంది. ఇంట్లోకి పరుగెత్తి గవ్వలపీట పట్టుకొచ్చింది. తన పెళ్ళిలో ఇచ్చిన పీట, గీతలు అరిగి నున్నబడ్డది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. బొటనవేలితో ఒక్క తోపు, గవ్వ పళ్ళెంలో. ఆంటీ ఫోర్కు పక్కన పెట్టేసింది. ఆ తరవాత ప్రతి డిసెంబరూ ఆ పీట ఎడమ గోడ దాటి వెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడు దాని మీద మా కోసం గుడ్డు లేకుండా, కొబ్బరిపాలతో చేసిన కుల్‌కుల్స్ పళ్ళెం ఉండేది.

* * *

అత్తయ్యగారి ముందు గదిలో గాజు తలుపుల బీరువా. పొద్దున ఎనిమిది గంటలకి కిటికీలోంచి ఎండ సరిగ్గా దాని మీద పడేది. లాంతరు చిమ్నీలు, రంగు రంగుల అత్తరు బుడ్లు, గోలీసోడా సీసాలు, యేరా గ్లాసులు. ఏది ఎక్కడ కొన్నారో, ఎంత బేరమాడారో అన్నీ చెప్పేవారు. జనవరిలో నుమాయిష్‌కి వెళ్తే మేమంతా జెయింట్ వీల్ దగ్గర ఉంటే ఆవిడ గాజు సామాను దుకాణాల దగ్గర ఉండేవారు. కొన్ని గురువారాలు నన్ను వెంటబెట్టుకుని బస్సులో పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌కి వెళ్ళేవారు. నేల మీద గోనెపట్టాలు పరిచి, పాత ఇళ్ళలోంచి వచ్చిన సామానంతా పోసేవారు అక్కడ. ఆవిడ వస్తువుని ముందు ఎండకి పట్టి చూసేవారు. తరవాత బొటనవేలు అంచు చుట్టూ తిప్పేవారు, చిన్న పెచ్చు ఊడినా వేలికి తెలుస్తుంది. ఆఖర్న గోటితో మీటి వినేవారు. మంచి గాజు ఖంగుమని కాసేపు మోగుతుంది. లోపల పగులుంటే టక్‌మని ఆగిపోతుంది.

అక్కడ దొరికిందే గాజు చెయ్యి. జానెడు ఎత్తు. ఒక చెయ్యి నిలబడి, వేళ్ళతో పూలగొట్టాన్ని పట్టుకున్నట్టు ఉంటుంది. బంతిపువ్వు రంగు. కాస్త తిప్పితే ఆ నారింజ మీద ఊదా, ఆకుపచ్చ, నీలం జారిపోతాయి, తడి రోడ్డు మీద కిరసనాయిలు పడితే కనబడే రంగుల్లా. అత్తయ్యగారి దగ్గర అదే రంగు గ్లాసులు కూడా రెండుండేవి. అడుగున ఇంగ్లీషులో జైన్ అని ఉబ్బెత్తు అక్షరాలు.

చాలా ఏళ్ళ తరవాత వాటి కథ తెలిసింది. ఆ మెరుపు గాజుని కార్నివాల్ గ్లాస్ అంటారు. వేడి వేడి గాజు మీద లోహ లవణాల ద్రావణం చల్లితే ఆ మెరుపు పొర పడుతుంది. 1907, 1908 ప్రాంతంలో అమెరికాలో ఫెంటన్ కంపెనీ మొదలుపెట్టింది. ఖరీదైన టిఫనీ గాజు కొనలేని వాళ్ళు అది కొనేవారు కాబట్టి పేదవాళ్ళ టిఫనీ అన్నారు. మన దేశంలో ఫిరోజాబాద్‌లోని జైన్ గ్లాస్ వర్క్స్ అలాంటివి చేసింది. ఇలాంటి చేతులూ, చేపలూ ఇవాళ విదేశాల్లో సేకరించేవాళ్ళు వెతుక్కుంటున్నారు. ఆ నారింజ రంగుకి వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా బంతే. చదువుతుంటే అత్తయ్యగారి వేలు దాని అంచు చుట్టూ తిరగడం కళ్ళకి కట్టింది.

ఒక సంక్రాంతికి మా బొమ్మల కొలువులో పెట్టుకోమని ఆ చెయ్యి ఇచ్చారు. దుమ్ముగా ఉంది, కడుగుదామనుకున్నాను. భోగి ముందురోజు, వణికించే చలి. రాత్రంతా కిటికీలో ఉన్న గాజు. స్నానానికి కాచిన నీళ్ళు చెంబుతో తీసి అందులో పోశాను. చిన్న శబ్దం, టిక్ అని. బొటనవేలు మొదట్లోంచి మణికట్టు దాకా వెంట్రుకంత గీత.

అమ్మకి చెప్పకుండా తిన్నగా అత్తయ్యగారి దగ్గరికే తీసుకెళ్ళాను. నోట మాట రాలేదు. ఆవిడ దాన్ని కిటికీకి పట్టి చూశారు, గోటితో మీటారు. టక్‌మంది. నా వైపు తిరిగి నా తల మీద చెయ్యేశారు.

"ఒలమ్మా, ఏడవకే. గాజు ఏడికి పగల్దు, తేడాకి పగుల్తాది. సలి గాజుకి ముందు సల్లనీల్లు, తరవాత గోరెచ్చన, ఆ తరవాతే ఏడి."

ఆ రోజే ఆవిడ నాకు గాజు కడగడం నేర్పారు. సన్న మూతి సీసాలో గుప్పెడు బియ్యం, చారెడు ఉప్పు, కాసిని నీళ్ళు పోసి గిలకొట్టడం. ముగ్గుపిండి పెట్టి తోమకుండా కుంకుడు రసంతో కడగడం. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గ్లాసులుంటే లోపలిదాంట్లో చల్లనీళ్ళు పోసి, బయటిదాన్ని గోరువెచ్చని నీళ్ళలో ఉంచి లాగడం. గాజు చెయ్యి మాత్రం తిరిగి తీసుకోలేదు.

"నీల్లు నిలవ్వు. పొడివేవైనా ఎట్టుకోండి, మీ ఇంట్లోనే ఉండనీ" అన్నారు.

అమ్మ దాన్ని వంటింటి అలమరలో పెట్టి, కేకు చూసే చీపురు పుల్లలు అందులో వేసింది.

* * *

డ్రైవర్ అంకుల్ రిటైరయ్యాక వాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు, పెర్త్‌లో ఉన్న కూతురి దగ్గరికి. వారం రోజులు సామాను పంచుతూనే ఉన్నారు. గుండ్రటి ఓవెన్ అమ్మకిచ్చారు. అమ్మ రాధామనోహరం కొమ్మ ఒకటి వేరు పోయించి ఉంచింది ఆంటీ కోసం. ఆ దేశంలోకి మొక్కలు, మట్టి రానివ్వరని తెలిసి, ఆ కుండీ ముందు చాలాసేపు కూర్చుంది. తరవాత లోపలికెళ్ళి గవ్వలపీట తెచ్చి ఆంటీ చేతిలో పెట్టింది. పెళ్ళిలో ఇచ్చిన పీట. ఆంటీ దాన్ని వద్దనలేదు. చీర మడతల మధ్య పెట్టుకుంది. చాలా ఏళ్ళు క్రిస్మస్‌కి కార్డు వచ్చేది. ఒకసారి కార్డులో ఫోటో కూడా ఉంది. వంటింటి బల్ల మీద మనవరాలు, ముందు మా పీట, పళ్ళెం నిండా కుల్‌కుల్స్.

మేం క్వార్టర్ ఖాళీ చేసిన రోజున అమ్మ పందిరి కింద నిలబడి తీగలన్నిటికీ నీళ్ళు పోసి వచ్చింది. ఆ తరవాత ఎప్పుడో ఆ వైపు వెళ్ళాను. ఆ వరస క్వార్టర్లు లేవు.

అమ్మ నిరుడు పోయింది. అన్నదమ్ములం అక్కచెల్లెళ్ళం సామాను పంచుకుంటుంటే నేను గాజు చెయ్యి ఒక్కటే అడిగాను. అందులో ఇంకా ఆరు పుల్లలున్నాయి.

మొన్న ఆ ప్రహరీ దగ్గర నుంచి, రోడ్డు మీదికి వేలాడుతున్న ఒక కొమ్మ విరిచి తెచ్చుకున్నాను. తెచ్చాక తెలిసింది, నాటడం నాకు రాదు. అమ్మ ఉండగా ఎన్నడూ నేర్చుకోలేదు, అడిగితే తనే నాటేది. అత్తయ్యగారికి ఫోన్ చేశాను. విశాఖలో కొడుకు దగ్గర ఉంటున్నారు, ఎనభై దాటాయి. కొమ్మ సంగతి చెప్పగానే గొంతు చురుగ్గా మారింది.

"పెన్సిలంత మందం ఉందా? లేతది తీసీ. కణుపు కిందన ఏటవాలుగా కొయ్యి. మూడు కణుపులు మట్టిలో, రెండు పైన. పైనున్న కోతకి పేడ ముద్ద ఎట్టు, ఎండిపోకుండా. నీడలో ఉంచు. రోజూ పీకి సూడకు."

ఒక్కో మాటా అమ్మది. యాస ఒక్కటే వేరు.

"మీకెలా తెలుసు అత్తయ్యగారూ ఇవన్నీ?"

"మీ అమ్మే కదే సెప్పింది, గోడ మీద సెయ్యేసుకుని." కాసేపు ఆగి, "ఆ గాజు సెయ్యుందా?" అన్నారు.

"ఉంది."

"ఏటెట్టేవు అందులో?"

"చీపురు పుల్లలే."

"ఒకపాలి గోటితో మీటు, ఇంటాను" అన్నారు. ఫోన్ దగ్గరగా పెట్టి మీటాను.